తిప్పని నవంబరు

శనివారం జరిగింది ముందు చెప్పుకుందాం. ఆదివారం జరగబోయేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

పేచ్ నగరం చివర ఒక ప్రయోగశాల ఉంది. రోగుల ఒంట్లోంచి తీసిన కణజాలాన్ని అక్కడ గడ్డకట్టించి దాస్తారు. శనివారం అందులో ఒక శీతల పెట్టె వేడెక్కి, ముప్పై ఏడు మంది నమూనాలు కరిగిపోయాయి. వాళ్ళలో పదకొండు మందికి మళ్ళీ ముక్క తీయడం కుదరదని డాక్టర్లు చెప్పారు. ఆ పెట్టెల్ని నడిపే సర్వరు ఉదయం పదకొండూ పదికే ఆగిపోయింది. సర్వరు ఆగిన నిమిషంలో ఫోన్లు మోగించడానికే ఒక కాపలా సాఫ్ట్‌వేరు ఉంది. తొమ్మిది రోజుల కిందట దాన్ని కొత్తగా అప్‌డేట్ చేశారు కూడా. అది ఎవరి ఫోనూ మోగించలేదు. సాయంత్రం నాలుగున్నరకి గచ్చు తుడిచే మనిషి పెట్టెల గది గుమ్మం దగ్గర నీళ్ళు చూసి కేక వేసేదాకా ఎవరికీ ఏమీ తెలియదు.

ఆ అప్‌డేట్ చేసినవాళ్ళు ఇద్దరు. చేత్తో చేసింది లాయోష్, పింఛనుకి పద్నాలుగు నెలల దూరంలో ఉన్నవాడు. పక్కన కూర్చుని ఒక్కో అంశం సరిచూసి టిక్కు పెట్టింది హయ్నల్క. శనివారం ఆరు కొట్టేలోపే కంపెనీ లాయోష్ దగ్గర గుర్తింపు కార్డు తీసేసుకుంది. హయ్నల్క కార్డు హయ్నల్క దగ్గరే ఉంది.

*

ఆదివారం ఉదయం హయ్నల్క వాళ్ళింట్లో గొడవ ఒక మేకు గురించి.

"ఆ మేకు మీ మావయ్య కొట్టింది" అంది రోజాలియా, కారెట్లు చెక్కుతూనే. "ఇరవై ఆరేళ్ళుగా దానికి మా చర్చి కేలండరే వేలాడుతోంది. దాన్ని తీసి పాత పేపర్ల కట్టలో పడేశావు."

"పడేయలేదు అత్తయ్యా, పెట్టాను. ఆఫీసుదైతే పెద్ద అక్షరాలు, మీ కళ్ళకి హాయిగా ఉంటుందని."

"నా కళ్ళకేం? బాగానే కనిపిస్తోంది. నవంబరు కనిపిస్తోంది. బయట చూస్తే డిసెంబరు ఎనిమిదో తారీకు. మీ ఆఫీసులో ఇంకా నవంబరే నడుస్తోందా అమ్మాయ్?"

కిటికీ దగ్గర పిల్లల జవాబు పత్రాలు దిద్దుకుంటున్న ఆమె భర్త ఆకోష్ తలెత్తలేదు. అతను భూగోళం పాఠాలు చెబుతాడు. ఇంట్లో వాదనల్లో మాత్రం ఏ దిక్కూ చూపించడు.

"పేజీ తిప్పితే పోతుంది కదమ్మా" అన్నాడు.

"నేనెందుకు తిప్పాలి? వేలాడదీసినవాళ్ళు తిప్పాలి. అతిథిని ఇంట్లో పెట్టుకున్నవాళ్ళే కదా అన్నం పెట్టాలి!"

హయ్నల్క గరిట కింద పెట్టింది. రాత్రి సరిగ్గా నిద్ర లేదు. మామూలుగానైతే నవ్వేసేదే. ఈ రోజు మేకు దగ్గరికి వెళ్ళి, పేజీని అవసరమైన దానికంటే గట్టిగా లాగింది. వియన్నాలోని పెద్ద ఆఫీసు ఏటా పంపే పద్నాలుగు నెలల కేలండరు అది. మంచి కాగితం, మంచు కొండల బొమ్మలు. నవంబరు పోయి డిసెంబరు వచ్చింది.

"తిప్పాను. సరేనా?"

"సరే కాదు" అంది రోజాలియా. కత్తి మొనతోనే చూపించింది. "ఏడో తారీకు చూడు. మిగతా శనివారాల్లాగే బూడిద రంగు. నిన్న రొట్టెల కొట్టు సాయంత్రం దాకా తెరిచే ఉంది. టపా వచ్చింది. వీడు బడికి వెళ్ళాడు, నువ్వు ఆఫీసుకి వెళ్ళావు. మీ కేలండరు ప్రకారం ఊరంతా సెలవు." పాత పేపర్ల కట్టలోంచి తన కేలండరు లాగి, చేతులకి అంటిన తడిని పట్టించుకోకుండా బల్ల మీద పరిచింది. "ఇదిగో, ఇది కేలండరంటే."

సన్నటి చవక కాగితం. ఏడుకీ పద్నాలుగుకీ చుట్టూ ఎర్ర పెన్సిలుతో డబ్బాలు. పక్కన రోజాలియా వంకర అక్షరాలు: "పని శనివారం. 24 బదులు." "పని శనివారం. 27 బదులు." పండగ సెలవులు పొడుగు చేసుకోవడానికి, ఒక శనివారం పని చేయించి బదులుగా ఇంకో రోజు సెలవిచ్చే మార్పిడి, ప్రభుత్వం ఏటా చేసేదే. ఈ దేశంలో అది తెలియనివాళ్ళు ఉండరు. హయ్నల్కకీ తెలుసు. నిన్న పొద్దున బస్సులో, శనివారం పూట పని ఏమిటని తను కూడా అందరితోపాటు విసుక్కుంది.

తెలిసిన సంగతే. కానీ ఆ ఎర్ర డబ్బా మీంచి చూపు తిప్పుకోలేకపోయింది.

"అత్తయ్యా, చారు కాస్త చూస్తారా" అంది.

"చూడ్డానికేముంది, అది మరగకూడదు, ఊరికే కదలాలి, అంతే..." అని ఆవిడ ఇంకా చెబుతుండగానే హయ్నల్క లాప్‌టాప్ తెచ్చి, కారెట్ల తొక్కు పక్కకి జరిపి కూర్చుంది.

*

వ్యవస్థని ఎవరూ ముట్టుకోకూడదని తిబోర్ ఆజ్ఞ. తిబోర్ ఆకోష్‌కి అన్న, హయ్నల్కకి ఆఫీసులో పైఅధికారి. ముట్టుకోకూడదన్నాడు గాని చూడకూడదనలేదు. ఆమె చూసింది.

నిన్న సాయంత్రం అందరూ వెతికింది ఒకే చోట: హెచ్చరికలు బయటికి వెళ్ళే దారి. అప్‌డేట్‌లో ఆ దారి తెగిందేమోనని పరీక్ష సందేశాలు పంపారు. అన్నీ క్షణంలో వచ్చాయి. దారి బాగానే ఉంది, కాబట్టి మనిషి తప్పు అని తేల్చారు. అప్‌డేట్ చేసేటప్పుడు అనవసరంగా మోగకుండా లాయోష్ హెచ్చరికల్ని ఆపి, మళ్ళీ తెరవడం మరిచిపోయాడు: తిబోర్ రాస్తున్న నివేదిక అదే.

ఇప్పుడు ఆమె దారిని వదిలేసి, ఆ ఒక్క హెచ్చరిక పుట్టిన చోటికి వెళ్ళింది. ఉంది. పదకొండూ పది నిమిషాలకి సర్వరు ఆగినట్టు సాఫ్ట్‌వేరు చూసింది, రాసుకుంది, ఎరుపు రంగు కూడా వేసింది. ఆ ఎరుపు పక్కన చిన్న అర్ధచంద్రుడు.

అర్ధచంద్రుడంటే నిద్ర.

ఆఫీసులో దాన్ని శనివారం కునుకు అంటారు. శనివారాలు సర్వర్లకి వారం వారం చేసే శుభ్రత ఉంటుంది. ఆ రోజు ప్రతి చిన్నదానికీ ఫోన్లు మోగకుండా హెచ్చరికల్ని పొద్దున్నుంచి సాయంత్రం దాకా నిద్రపుచ్చుతారు. మామూలు శనివారాల్లో దానివల్ల నష్టం లేదు. ప్రయోగశాల మూసి ఉంటుంది, కాపలా మనిషి గంటకోసారి తిరిగి పెట్టెల ఉష్ణోగ్రత పుస్తకంలో రాస్తాడు. పనిరోజుల్లో అతనికి ఆ పని లేదు. అది కంప్యూటర్ల పని. నిన్న పనిరోజని అతను తిరగలేదు. శనివారమని కంప్యూటరు నిద్రపోయింది.

మరి ఇన్నేళ్ళూ పని శనివారాల్లో ఏం జరిగింది? ఇన్నేళ్ళూ అది నిద్రపోలేదు. ప్రత్యేక తేదీల పట్టిక అని ఒకటి ఉండేది. అందులో ఉన్న శనివారాల్లో కునుకు ఉండదు. ఆమె ఆ పట్టిక తెరిచింది. డిసెంబరుకి తిప్పింది.

ఖాళీ.

జనవరికి తిప్పింది, మళ్ళీ వెనక్కి ఆగస్టు దాకా వెళ్ళింది. అన్నీ ఖాళీ. కొత్త వెర్షన్‌లోకి ఒక్క తేదీ కూడా రాలేదు.

అప్‌డేట్ రోజున సరిచూసిన జాబితా తెరవడానికి ఆమెకి కాసేపు చేయి రాలేదు. తొంభై నాలుగు అంశాలు. అరవై ఒకటోది: "ప్రత్యేక తేదీలు కొత్తదానిలోకి వచ్చాయి." పక్కన టిక్కు. పక్కన తన పొట్టి సంతకం. నాలుగూ పన్నెండు నిమిషాలు.

అంతా గుర్తొచ్చింది. నవంబరు ఇరవై ఎనిమిది, గురువారం. పట్టిక తెరిచింది, తెరవకుండా టిక్కు పెట్టలేదు. నవంబరు పేజీ కనిపించింది, ఖాళీగా. నవంబరులో పని శనివారం లేదు, ఖాళీగానే ఉండాలి. పాత వెర్షన్‌లో కూడా నవంబరు ఖాళీగానే ఉండేది. ఒక్క పేజీ ముందుకి తిప్పి చూడాలని తోచలేదు. కుర్చీ వెనక తిబోర్ నిలబడి ఉన్నాడు. "ఇంకా ఎన్ని? అయిదింటికి వియన్నా వాళ్ళకి అయిపోయిందని చెప్పాలి" అంటున్నాడు. ఆమె అరవై రెండోదానికి వెళ్ళిపోయింది.

"ఏమైంది?" అన్నాడు ఆకోష్.

"ఏం లేదు" అంది. ఆ మాట నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో చూసుకుని భయపడింది.

*

బట్టలారేసే వరండాలోకి వెళ్ళి లాయోష్‌కి ఫోన్ చేసింది. అవతల టకటకమని చప్పుడు.

"అక్రోట్లు కొడుతున్నాను తల్లీ" అన్నాడు లాయోష్. "మా ఆవిడ పండక్కి రెండు కిలోలు కొట్టి ఇమ్మని పదేళ్ళుగా అడుగుతోంది. ఇన్నాళ్ళకి తీరిక దొరికింది."

"బాబాయ్‌గారూ, ప్రత్యేక తేదీల పట్టిక ఖాళీగా ఉంది."

సుత్తి ఆగింది. కాసేపటికి మళ్ళీ ఒక్కసారి టక్ మంది.

"ఉంది" అన్నాడు.

"మీకు తెలుసా?"

"నిన్న అయిదున్నరకి చూశాను. కార్డు ఇచ్చేముందు పది నిమిషాలు టైమిచ్చారులే, సొంత సామాన్లు తీసుకోవడానికి. నా సొంత సామాను అంటే అదే మరి."

"అక్కడ నా టిక్కు ఉంది. అది చూసీ మాట్లాడలేదా?"

"నీ టిక్కు ఒక్కటే చూస్తే మాట్లాడేవాణ్ణేమో. నేను ఇంకోటి కూడా చూశాను. ఆ పట్టికని పదిహేనేళ్ళుగా ఎవరు నింపుతున్నారు? జనవరి వస్తే గెజెట్ చూసి, ఆ ఏడాది పని శనివారాలన్నీ ఒక ఫైల్లో నా చేత్తో రాసేవాణ్ణి. పాత సాఫ్ట్‌వేరు దాన్ని చదువుకునేది. కొత్తది చదవదు, దానికి ఆ ఫైలు ఉందనే తెలీదు. ఎవరికి మాత్రం తెలుసు? ఏ కాగితంలోనూ రాయలేదు. నాకు తెలిస్తే చాలనుకున్నాను. అది నా గొప్పగా ఉండేది. చూశావా గొప్ప!"

"కానీ నివేదికలో అది లేదు. మీరు ఆపేసి మరిచిపోయారని ఉంది. అది అబద్ధం."

"అబద్ధమే. కానీ పొట్టిగా ఉంది. పొట్టివి తొందరగా ముగుస్తాయి. నాకు అరవై మూడు. నీకు ముప్పై నాలుగు, వచ్చే జనవరి నుంచి మన జట్టుకి పెద్దవి కాబోతున్నావు. కాస్త లెక్క వేసుకో పిల్లా."

"మీరు ఎవరినీ అడక్కుండా లెక్క వేసేశారు."

"ముసలివాళ్ళ అలవాటు." ఆయన నవ్వాడు. నవ్వు సగంలో దగ్గయింది. "సరే, ఉంటాను. గడ్డం గీసుకోవాలి."

"ఆదివారం పూటా?"

"ఆదివారం పూటే. మీ అత్తగారి చారు చల్లారుతుంది, వెళ్ళు."

ఫోన్ పెట్టేశాక ఆమె ఆరేసిన దుప్పటి అంచు పట్టుకుని నిలబడింది. వరండాలోంచి కొండ మీద ద్రాక్షతోటల మంచు కనిపిస్తోంది. ఇంకో ఆరు రోజుల్లో పద్నాలుగో తారీకు. రెండో పని శనివారం. ఆ కాపలా సాఫ్ట్‌వేరు కింద ఉన్నది ఒక్క ప్రయోగశాలే కాదు. ఇరవై రెండు చోట్లు. పాల కేంద్రం, నీళ్ళ పంపులు, రెండు ఆసుపత్రుల గిడ్డంగులు. ఒక మనిషి మరిచిపోయాడని రాసి మూసేస్తే, పట్టిక ఖాళీగా ఉందని ఎవరూ వెతకరు. వచ్చే శనివారం ఇరవై రెండు చోట్లా అది మళ్ళీ కునుకు తీస్తుంది.

కింద గేటు దగ్గర కారు హారను రెండుసార్లు మోగింది.

*

"మళ్ళీ గేటుకి అడ్డంగా పెట్టావు" అంది రోజాలియా పెద్దకొడుకుతో, ముద్దు పెట్టించుకుంటూనే. "లోపల తమ్ముడి కారుంది కదరా. ఎవరికైనా అవసరమైతే?"

"ఆదివారం ఎవరికి ఏం అవసరం వస్తుందమ్మా. తినేసి తీస్తాను." తిబోర్ కోటు విప్పి, బంగారు రిబ్బను కట్టిన గసగసాల రొట్టె తల్లి చేతిలో పెట్టాడు. పొడుగు మనిషి. బాగా ఇస్త్రీ చేసిన చొక్కా. కళ్ళ కింద నలుపు. అతనూ నిద్రపోలేదని హయ్నల్కకి తెలిసింది. అది చూసి జాలి వేసింది కూడా. జాలి వేయకుండా ఉంటే బాగుండుననుకుంది.

క్రిస్మస్‌కి ముందు ఆదివారానికొకటి చొప్పున వెలిగించే నాలుగు కొవ్వొత్తుల్లో రెండోది రోజాలియా వెలిగించింది. చారు వచ్చింది. ఒక్క నలక లేకుండా తేటగా, అడుగున సన్నటి సేమ్యా, పైన బంగారు చుక్కల్లాంటి నూనె. తిబోర్ రెండు చెంచాలు తాగి, కళ్ళు మూసుకుని "అబ్బ" అన్నాడు. తర్వాత కోటు జేబులోంచి మడిచిన కాగితం తీసి హయ్నల్క పళ్ళెం పక్కన పెట్టాడు.

"తిన్నాక ఒక్క సంతకం పెట్టెయ్ అమ్మాయ్. రేపు పదింటికి వియన్నా నుంచి వస్తున్నారు, ప్రయోగశాలవాళ్ళు కూడా ఉంటారు. అంతా అయిపోయేలా చేశాను."

"భోజనాల బల్ల మీద కాగితాలేమిటి" అంది తల్లి. అతను దాన్ని రొట్టెల బుట్ట కిందికి తోశాడు. సగం బయటే ఉంది. "సరిచూసిన వ్యక్తి వాంగ్మూలం" అన్న మాటలు కనిపిస్తున్నాయి.

"అంటే ఏమని సంతకం బావగారూ?" అంది హయ్నల్క.

"ఏముంది, నువ్వు సరిచూసినప్పుడు అన్నీ సరిగ్గా ఉన్నాయని. ఆ తర్వాత లాయోష్ చేసినదానికి నీకు సంబంధం లేదని."

"నేను సరిచూసినప్పుడు అన్నీ సరిగ్గా లేవు."

ఆకోష్ చెంచా పళ్ళేనికి తగిలింది.

ఆమె చెప్పింది. అర్ధచంద్రుడి గురించి, పట్టిక గురించి, అరవై ఒకటో అంశం గురించి, లాయోష్ ఫోన్లో అన్నదాని గురించి. తిబోర్ మధ్యలో ఒక్కసారి కూడా ఆపలేదు. ఆపకపోవడమే ఆమెకి అర్థమయ్యేలా చేసింది.

"మీకు ముందే తెలుసు" అంది.

తిబోర్ మిరపపొడి గిన్నె దగ్గరికి లాక్కుని, అవసరం లేకపోయినా కాస్త చల్లుకున్నాడు. "పొద్దున చూశాను."

"చూసి కూడా ఇదే రాశారా?"

"నేను రాసింది ముగిసిపోయేది. నువ్వు చెప్పేది మొదలయ్యేది. వియన్నావాళ్ళు కథలు వినరు అమ్మాయ్. ఒక పేరు అడుగుతారు. ఒక్క పేరు ఇస్తే కాగితం మూస్తారు. ఫైలు, పట్టిక, నవంబరు, డిసెంబరు అని మొదలుపెడితే, అప్‌డేట్ ఎందుకంత తొందరగా చేశారు, సరిచూడ్డానికి ఎంత టైమిచ్చారు, గదిలో ఎవరెవరున్నారు అని..." అతను ఆగాడు.

"నా కుర్చీ వెనక మీరున్నారు" అంది హయ్నల్క.

"ఉన్నాను."

కొవ్వొత్తి చిటపటమంది. రోజాలియా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "నాకు ఒక్కటి చెప్పండి" అంది. "ఇన్ని కంప్యూటర్లు పెట్టుకుని, నిన్న పనిరోజని ఒక్కదానికీ తెలీదా? నాకు ఎర్ర పెన్సిలు సరిపోయిందే."

"అమ్మా, నువ్వు కాసేపు ఊరుకో."

"నా ఇంట్లో నేనెందుకు ఊరుకోవాలిరా?"

ఆకోష్ అప్పుడు మాట్లాడాడు, భార్య వైపు కాకుండా ఉప్పు సీసా వైపు చూస్తూ. "హయ్నల్కా, అన్నయ్యే కదా నిన్ను అక్కడ చేర్పించింది. కాస్త ఆలోచించు. ఆయనా ఒప్పుకున్నాడంటున్నావు. లాయోష్‌గారు. ఎవరూ బలవంతం చేయలేదు కదా."

"ఆయన ఒప్పుకున్నది నాకోసం. నేను అడగలేదు" అంది. "ఇంకోటి. వచ్చే శనివారం కూడా పని శనివారమే. ఇరవై రెండు చోట్ల అది నిద్రపోతుంది."

"పట్టిక నేను నింపుతాను" అన్నాడు తిబోర్ వెంటనే. "చప్పుడు లేకుండా. బుధవారం లోపల. ఒట్టు."

"వచ్చే ఏడాది?"

"వచ్చే ఏడాది నువ్వు నింపు. ఆ జట్టుకి పెద్దవి నువ్వే కదా."

"అంటే లాయోష్ బాబాయ్ చేసిందే నేనూ చెయ్యాలి. ఎవరికీ చెప్పకుండా, ఎక్కడా రాయకుండా నాలో పెట్టుకోవాలి. ఒకరోజు నేను కూడా మరిచిపోతే, అప్పుడు మీకు ఇంకో పేరు దొరుకుతుంది."

తిబోర్ మొదటిసారి గొంతు పెంచాడు. "ఆ పదకొండు మంది నమూనాలు తిరిగి వస్తాయా నువ్వు చెబితే? చెప్పు! వస్తాయా?"

"రావు."

ఆమెకి ఆ పదకొండు మంది పేర్లు తెలియవు. నిన్నటి నుంచి వాళ్ళని ఊహించుకోకుండా ఉండటానికి పరీక్ష సందేశాలు పంపింది, జాబితాలు చదివింది, చారు కలిపింది. ఇప్పుడు వాళ్ళు ఈ బల్ల చుట్టూ నిలబడి, తన నోటి వైపు చూస్తున్నట్టుగా ఉంది.

రొట్టెల బుట్ట ఎత్తి కాగితం తీసింది. విప్పి, చదివి, మళ్ళీ అదే మడతల్లో మడిచి, అతని పళ్ళెం పక్కన పెట్టింది.

"నేను సంతకం పెట్టను. రేపు పదింటికి నేనే చెబుతాను. పట్టిక ఖాళీగా ఉందని, ఖాళీ పేజీ మీద టిక్కు పెట్టింది నేనని. వాళ్ళకి ఒక్క పేరే కావాలంటే నా పేరు రాయండి."

ఆకోష్ తలెత్తి ఆమెని చూశాడు. అది కోపమో, భయమో, ఇంకేదో ఆమెకి తెలియలేదు. పదకొండేళ్ళ కాపురంలో ఆ చూపు ఎప్పుడూ చూడలేదు.

తిబోర్ మాత్రం కుర్చీలో వెనక్కి వాలాడు. అతని మొహంలో అలసట తప్ప ఏమీ లేదు.

"రేపటికి నువ్వు చెప్పేదానికి అర్థం ఉండదు" అన్నాడు మెల్లగా. "లాయోష్ ఈ రోజే వస్తున్నాడు. వకీలు కూడా వస్తున్నాడు. మూడింటికి ఆఫీసులో సంతకం పెడతాడు, తన తప్పేనని, తనే రాజీనామా చేస్తున్నానని. అది పెట్టాక మార్చడానికి కుదరదు. నువ్వు రేపు ఏం చెప్పినా, జాలితో చెప్పావనుకుంటారు."

గడ్డం గీసుకోవాలి. ఆదివారం పూటే.

హయ్నల్క గోడ గడియారం చూసింది. రెండూ ముప్పై అయిదు. ఫోను తీసి లాయోష్ నంబరు నొక్కింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. కొండ దిగి ఆఫీసుకి కారులో పద్దెనిమిది నిమిషాలు. ఆదివారం బస్సు గంటకొకటి, రెండున్నరది వెళ్ళిపోయింది.

ఆమె లేచింది. ఒళ్ళోని గుడ్డ మడిచి కుర్చీ మీద పెట్టింది.

"అయితే రేపు కాదు" అంది. "ఇప్పుడే వెళ్తాను. ఆకోష్, తాళాలు."

ఆకోష్ జేబులో చెయ్యి పెట్టాడు. చెయ్యి అక్కడే ఉండిపోయింది. అతని చూపు కిటికీలోంచి గేటు వైపు వెళ్ళింది. గేటుకి అడ్డంగా, అంగుళం సందు లేకుండా, అన్న కారు.

రోజాలియా లేచి, పొద్దున్నుంచి బల్ల చివర పడి ఉన్న తన చర్చి కేలండరు తీసుకుంది. డిసెంబరు పైకి వచ్చేలా చుట్టచుట్టి, కోడలి చంకలో పెట్టింది. తర్వాత పెద్దకొడుకు వైపు తిరిగింది.

"కారు తీయరా" అంది.

తిబోర్ చెంచా చేతిలోకి తీసుకున్నాడు. చారు వైపు చూశాడు. గడియారంలో పెద్దముల్లు ముప్పై ఆరు మీదికి జరిగింది. అతను కుర్చీలోంచి లేవలేదు.